ఆటలో చేరు బాలుని వయస్సు

ధ్యానభాగములు: ఆదికాండము 27, 32 అధ్యాయములు, 2 తిమోతికి 2:5



మన నల్లగండ్లలో సెలవు దినము వచ్చినయెడల తెల్లవారకముందే బాలురు బ్యాట్లు భుజమున వేసికొని బయలుదేరుదురు. ఒకప్పుడు పొలములున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచినవి. ఖాళీ స్థలములు తగ్గిన కొలది పిల్లల ఆట వలల మధ్యకు చేరినది. పూర్వము ఆటకు ఒక కేక చాలును. ఇప్పుడు క్లబ్బులో చేరవలెను, రుసుము కట్టవలెను, ఫారము నింపవలెను. మన సంఘములలోని తల్లిదండ్రులు కూడ తమ కుమారులను, కుమార్తెలను క్రికెట్టు క్లబ్బులలో చేర్చుచున్నారు.

విశ్వాసి బిడ్డ ఆటలో చేరవచ్చునా అని కొందరు పెద్దలు ఇంకను అడుగుచుందురు. జెకర్యా ప్రవక్త దేవుడు బాగుచేయబోవు యెరూషలేమును దర్శించినప్పుడు, దాని వీధులనిండ ఆడుకొను బాలబాలికలను చూచెను (8:5). అపొస్తలుడైన పౌలు పందెపు రంగమునుండి ఎన్ని ఉపమానములు తీసికొనెనో మనమెరుగుదుము. పిల్లల ఆట దేవుని దీవెనలో ఒక భాగమే. కాబట్టి ఆ ప్రశ్నను ఇక్కడనే విడిచి, అనేక గృహములలో మెల్లగా, తలుపులు వేసికొని మాటలాడుకొను వేరొక ప్రశ్నను నేడు ధ్యానింతము.

బాలుడు క్లబ్బులోనికి పోయినప్పుడు అతని బ్యాటుకంటె ముందుగా అడుగబడునది అతని కాగితము. జనన ధ్రువపత్రము, ఆధార్ కార్డు, పాఠశాలనుండి బోనఫైడు సర్టిఫికేటు కావలెను. ఏలయనగా పిల్లల క్రికెట్టు వయస్సులనుబట్టి విభజింపబడినది. 14 ఏండ్లలోపువారికి, 16 ఏండ్లలోపువారికి, 19 ఏండ్లలోపువారికి వేరువేరు జట్లు, వేరువేరు పోటీలు గలవు. ఆ వయస్సులో ఒక్క సంవత్సరము తేడా సామాన్యమైనది కాదు. 13 ఏండ్ల పిల్లవానికిని 15 ఏండ్ల వానికిని మధ్య ఒక జానెడు ఎత్తు, రెట్టింపు భుజబలము ఉండవచ్చును. ఇద్దరును ఒకే లెదరు బంతి పట్టినను, ఒకనిది బాలుని చెయ్యి, మరియొకనిది యౌవనుని చెయ్యి.

ఇక్కడనే శోధన ప్రవేశించుచున్నది. "వయస్సు రెండేండ్లు తగ్గించి వ్రాయించుడి. అందరును అట్లే చేయుచున్నారు. లేకపోయినయెడల మీ వానికి జట్టులో చోటు దొరకదు" అని ఎవరో ఒకరు తండ్రి చెవిలో వేయుదురు. తండ్రి దుష్టుడు కాడు. బిడ్డమీద ప్రేమగలవాడు. పాఠశాల మార్చునప్పుడు ఒక తారీఖు మార్చిన చాలునని అతనికి తోచును. ఇది పాపమా? లోకములో జరుగు పెద్ద పెద్ద మోసముల యెదుట ఇది లెక్కలోనిదా?

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. మన తాతల కాలములో అనేకులకు పుట్టినదినము తెలియదు. మూసీకి వరద వచ్చిన యేడు పుట్టెననియు, పోలీసు చర్యనాటికి నడక నేర్చెననియు చెప్పుకొనెడివారు. పిల్లవానిని బడిలో వేయునప్పుడు పంతులుగారు ముఖముచూచి ఒక తారీఖు వ్రాసెడివారు. అందుచేతనే ఆ తరములో జూన్, జూలై మాసములలో పుట్టినవారు ఇంతమంది కనబడుదురు! అది తెలియమి, మోసము కాదు. పంతులుగారు ఎవరి చోటును అపహరించుటకు ఆ తారీఖు వ్రాయలేదు. తెలిసిన దినమును దాచి, తెలిసియే వేరొక దినమును వ్రాయించుట వేరు సంగతి. దేవుడు తెలియమిని లెక్కించువాడు కాడుగాని, హృదయములోని ఉద్దేశమును పరిశోధించును.

ఆ తండ్రి చెప్పుకొను సమాధానములు మూడు. "దీనివలన ఎవరికిని నష్టము లేదు" అనునది మొదటిది. "నా బిడ్డ మేలుకొరకే చేయుచున్నాను" అనునది రెండవది. "పేదవారికి వేరు మార్గము లేదు" అనునది మూడవది. వీటిని తేలికగా త్రోసివేయక, ఒక్కొక్కదానిని వాక్యపు వెలుగులో చూతము.

మొదటిది: ఎవరికిని నష్టము లేదా? జట్టులో ఆడువారు పదునొకండుగురే. పండ్రెండవవాడు నీళ్లసీసాలు మోసికొని గీత వెలుపల నిలుచును. వయస్సు దాచిన బాలుడొకడు లోపలికి వచ్చినయెడల, నిజముగా 13 ఏండ్లవాడొకడు వెలుపలికి పోవలెను. ఆ వెలుపలికి పోయినవాడు ఎవడో ఆ తండ్రికి తెలియదు. వాని పేరు తెలియదు గనుకనే "ఎవరికిని నష్టము లేదు" అని అనగలుగుచున్నాడు. వాడు ఆ సాయంకాలము ఇంటికి పోయి, "నాకు ఆట రాదు" అని అనుకొనును. వానికి ఆట వచ్చును. తనకంటె రెండేండ్లు పెద్దవానితో తూచబడెనని మాత్రము వానికి తెలియదు. రాహుల్ ద్రావిడ్ గారు 2015 డిసెంబరులో ఢిల్లీలో పటౌడీ స్మారకోపన్యాసము చేయుచు ఈ సంగతినే గట్టిగా చెప్పిరి. వయస్సు దాచిన పిల్లవాడు బలముచేత పైకి వచ్చుననియు, యోగ్యుడైన బాలుడొకడు అందుచేత ఆటకే దూరమగుననియు, మోసమనునది పెద్దలు పిల్లలకు నేర్పు మొదటి పాఠమగుననియు ఆయన హెచ్చరించిరి.

ధర్మశాస్త్రములో ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున ఒక ఆజ్ఞ గలదు. సంచిలో పెద్దదియు చిన్నదియు నగు రెండు తూనికరాళ్లను ఉంచుకొనకూడదని దేవుడు తన ప్రజలకు ఆజ్ఞాపించెను. రెండు పుట్టినదినములు గల బాలుడు ఆ రెండు రాళ్లు గల సంచివంటివాడే. ఇంటిలో పండుగ చేసికొనుటకు ఒక తారీఖు, క్లబ్బులో చూపుటకు మరియొక తారీఖు. దొంగతూకము వేయు వర్తకుడు కొనువాని ముఖము చూచి నవ్వుచునే మోసము చేయును. ఈ మోసములో మోసపోయినవాని ముఖము కూడ కనబడదు. ముఖము కనబడనంతమాత్రమున వాడు మన పొరుగువాడు కాకపోడు.

రెండవది: ఇది బిడ్డ మేలుకొరకా? ఇక్కడ ఆదికాండము 27వ అధ్యాయమును తెరచి చూడవలెను. మన ప్రశ్నకు ఇంతకంటె సమీపమైన కథ లేఖనములలో లేదు. అక్కడ ఒక తల్లి తన కుమారుని జనన క్రమమును మార్చుచున్నది. చిన్నవానిని పెద్దవాడని చెప్పించుచున్నది, మనము పెద్దవానిని చిన్నవాడని చెప్పించుచున్నాము, అంతే భేదము. రిబ్కా మేకపిల్లల చర్మములను యాకోబు చేతులకును మెడకును కట్టెను. యాకోబు భయపడి, తండ్రి తడవి చూచినయెడల తాను వంచకుడుగా కనబడుదుననియు, దీవెనకు మారుగా శాపము వచ్చుననియు తల్లితో చెప్పెను. ఆ శాపము నామీదికి రానిమ్మని తల్లి పలికెను.

తల్లిదండ్రులారా, ఈ మాటయొద్ద కొంచెము నిలువుడి. మన యిండ్లలో కూడ ఈ మాట వినబడుచున్నది. "ఏమైన వచ్చినయెడల నేను చూచుకొందును, నీవు ఆడుకొనుము" అని తండ్రి చెప్పును. అయితే రిబ్కా ఆ శాపమును తనమీద వేసికొనగలిగెనా? ఇల్లు విడిచి పారిపోయినవాడు యాకోబు. కొన్నాళ్లేయని తల్లి పంపెను. ఆ కొన్నాళ్లు ఇరువది సంవత్సరములాయెను. తల్లియు కుమారుడును మరల కలిసికొనినట్లు లేఖనములలో ఎక్కడను వ్రాయబడలేదు. పెద్దదానికి ముందు చిన్నదాని నిచ్చుట మా దేశమర్యాద కాదని లాబాను చెప్పి, జనన క్రమము పేరటనే అతనిని మోసగించెను. ముసలితనమున అతని కుమారులు మేకపిల్ల రక్తములో ముంచిన అంగీని చూపి అతనిని వంచించిరి. తండ్రిని మోసగించుటకు వాడిన మేక, తిరిగి అతని యింటికే వచ్చినది. బిడ్డ పేరట చెప్పిన అబద్ధమును మోయువాడు బిడ్డయే.

ఇంతకంటె లోతైన నష్టము మరియొకటి గలదు. ఇస్సాకు దీవెన పలికినప్పుడు యాకోబు చెవులు ఆ మాటలను వినెను. కాని అవి ఏశావు నుద్దేశించి పలికిన మాటలు. తన పేరట తనకు ఒక్క మాటయు దక్కలేదు. వయస్సు దాచి ఆడిన బాలుని స్థితియు ఇదే. అతడు నూరు పరుగులు చేసినప్పుడు అందరును చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు 13 ఏండ్ల బాలునికి కొట్టినవి. తాను 15 ఏండ్లవాడు. నాకు నిజముగా ఆట వచ్చునా, లేక నా యెదుట నున్నవారు చిన్నవారు గనుక గెలిచితినా అని రాత్రివేళ తనను తాను అడిగినయెడల, అతనికి జవాబు లేదు. ఇతర దొంగతనములలో దొంగకు సొమ్మయిన దక్కును. ఈ దొంగతనములో దొంగకు దక్కునది సందేహమే. దేవుడు తనలో ఉంచిన తలాంతు ఎంతటిదో తెలిసికొను హక్కును తల్లిదండ్రులే అతనియొద్దనుండి తీసివేసిరి. 19 ఏండ్లు దాటి పెద్దల ఆటలో అడుగు పెట్టిన నాడు అందరి భుజములు సమానమగును. అప్పుడు బలము కాక నేర్పు మాత్రమే నిలుచును. ఆ నేర్పును అతడు చిన్ననాడు నేర్చుకొనలేదు, అవసరము లేకపోయెను గనుక.

పౌలు తిమోతికి వ్రాయుచు, జెట్టి నియమము చొప్పున పోరాడనియెడల కిరీటము పొందడని జ్ఞాపకము చేయుచున్నాడు. నియమము తప్పినవానికి పతకము దొరకవచ్చును, ధనము దొరకవచ్చును. కిరీటము మాత్రము దొరకదు. ఏలయనగా కిరీటమనగా, "నీవు నిజముగా గెలిచితివి" అని చెప్పు మాటయే గదా.

మూడవది: పేదవారికి వేరు మార్గము లేదా? ఈ మాటను ఎగతాళి చేయకూడదు. క్రికెట్టు ఖర్చుగల ఆట. బ్యాటు, ప్యాడ్లు, గ్లవ్సులు, హెల్మెటు, నెలనెల రుసుము, మైదానమునకు పోయి వచ్చు దారి ఖర్చు ఇవన్నియు కూలివానికిని, వాచ్‌మన్‌కును భారమే. అయినను మన ప్రక్కనే జరిగిన రెండు సంగతులను చూపుదును.

నంబూరి తిలక్ వర్మ 2002 నవంబరులో పుట్టెను. తండ్రి ఎలక్ట్రీషియన్. హైదరాబాదు పాతబస్తీ వైపున బార్కస్ మైదానములో 11 ఏండ్ల ప్రాయమున టెన్నిస్ బంతితో ఆడుచుండగా సలాం బయాష్ అను కోచ్ అతనిని చూచెను. ఆ కోచ్ నేర్పు అకాడమీ మన ప్రక్కనున్న లింగంపల్లిలో గలదు. దూరము సుమారు 40 కిలోమీటర్లు. తండ్రికి ఆ ఖర్చు భరించు శక్తి లేదు. అప్పుడు ఆ కోచ్ చేసినదేమనగా, బాలుని తన బండిమీద ఎక్కించుకొని తీసికొని వచ్చుచు, తీసికొని పోవుచు ఉండెను. ఆ బాలుడు 2020లో 19 ఏండ్లలోపువారి ప్రపంచకప్పు ఆడెను. 2023 ఆగస్టులో భారత జట్టులో చేరెను. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో వరుసగా రెండు శతకములు కొట్టెను. 2025 సెప్టెంబరులో దుబాయిలో ఆసియాకప్పు చివరి ఆటలో 69 పరుగులతో నిలిచి జట్టును గెలిపించెను. పేద బాలునికి కావలసినది దొంగిలించిన రెండు సంవత్సరములు కావు. ఎవరో ఒకరు ప్రేమతో ఇచ్చిన దినదినపు గంటలు. ఆ కోచ్ మతము వేరు, బాలుని మతము వేరు. గాయపడిన పరాయివానిని తన గాడిదమీద ఎక్కించుకొనిన సమరయుని కథ మనకు కొత్త కాదు గదా.

మహమ్మదు సిరాజ్ సంగతి మరియొకటి. తండ్రి ఆటో నడిపి కుటుంబమును పోషించెను. బాల్యమున కోచింగు లేదు. టెన్నిస్ బంతితో ఆడుచు పెరిగెను. ఇరువది యేండ్లు దాటిన తరువాత 2015లో క్లబ్బు ఆటకు వచ్చెను. ఆ యేటి నవంబరులోనే హైదరాబాదు పక్షమున రంజీ పోటీలో ఆడెను. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత టెస్టు జట్టులో నిలిచెను. 14 ఏండ్లలోపు జట్టులో చోటు దొరకనియెడల బిడ్డ జీవితము ముగిసెనని తలంచు తండ్రులు ఈ యువకుని వైపు చూడవలెను. అందరును ఇంత యెత్తునకు ఎక్కుదురని నేను చెప్పుటలేదు. అనేకులు ఎక్కరు. ఆలస్యమగునను భయముచేత అబద్ధమును పట్టుకొననవసరము లేదని మాత్రమే చెప్పుచున్నాను. యాకోబు విషయములో కూడ, పెద్దవాడు చిన్నవానికి దాసుడగునని దేవుడు వారు పుట్టకముందే రిబ్కాతో చెప్పియుండెను. ఆమె చేసిన వంచన దేవుని వాగ్దానమునకు అవసరమైయుండలేదు.

ఇదివరకే తారీఖు మార్చినవారు ఏమి చేయవలెను? లోకపు చట్టము ఏమి చేయుచున్నదో ముందు తెలిసికొందము. భారత క్రికెట్టు బోర్డువారు 2012నుండి బాలుర ఎడమ మణికట్టును ఎక్స్‌రే తీసి, ఎముకల పెరుగుదలనుబట్టి వయస్సును అంచనా వేయుచున్నారు. ఎముకలు అందరిలో ఒకే రీతిని పెరుగవు గనుక ఆ అంచనా ఒక్కొక్కప్పుడు సత్యవంతుని కూడ ఇబ్బందిపెట్టవచ్చును. పెద్దల అబద్ధములవలన నిర్దోషులైన పిల్లలు కూడ పరీక్షకు చెయ్యి చాపవలసి వచ్చినది. 2019లో భారత క్రికెట్టు బోర్డువారు వయస్సు విషయమై ఒక యువ బౌలరును రెండేండ్లు నిషేధించిరి. 2020 ఆగస్టులో ఒక కొత్త నిబంధన పెట్టిరి. ఆ సెప్టెంబరు 15 లోపల తమంతట తాము నిజము ఒప్పుకొని, సరియైన పత్రములు చూపినవారిని శిక్షింపక, వారి సరియైన వయస్సు జట్టులో ఆడనిచ్చెదమనియు, దాచి పట్టుబడినవారిని రెండేండ్లు నిషేధించెదమనియు ప్రకటించిరి. ఒక ఆటల సంఘమునకు కూడ ఒప్పుకోలునకు క్షమాపణకు గల సంబంధము తెలిసినది! ఆ గడువు ఎప్పుడో దాటినది. అయినను దేవుని గడువు దాటలేదు.

యబ్బోకు రేవునొద్ద యాకోబు రాత్రియంతయు పెనుగులాడెను. దీవించుమని వేడుకొనినప్పుడు అతడు ఎదుర్కొనిన ప్రశ్న ఒక్కటే: పేరేమి? ఇరువది యేండ్లకు ముందు గ్రుడ్డివాడైన తండ్రి ఇట్టి ప్రశ్ననే అడిగెను. అప్పుడు ఏశావునని చెప్పెను. ఈసారి యాకోబునని చెప్పెను. తన పేరు తాను నిజముగా పలికిన తరువాతనే కొత్త పేరును, దీవెనయు దొరికెను. ఆ పేరు ఇక ఎవరికిని చెందినది కాదు, తనదే. తొడ కీలు తప్పి కుంటుచు నడచెను. నిజము చెప్పిన బాలుడు కూడ ఒక సంవత్సరము జట్టు వెలుపల నుండవలసి రావచ్చును. కుంటుచునైనను తన పేరుతో నడచుట, ఇతరుని పేరుతో పరుగెత్తుటకంటె మేలు. అయితే ఆ మాట బాలునిచేత ఒంటరిగా చెప్పింపకుడి. తారీఖు మార్చిన తండ్రియే కోచ్ యొద్దకు పోయి, "ఇది నా పని, వాని పని కాదు" అని చెప్పవలెను. రిబ్కా మోయలేని భారములో కొంతయైనను ఆ తండ్రి అట్లు మోయగలడు.

సంఘమునకు కూడ ఒక కర్తవ్యము గలదు. పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చు సంఘములలో ఆ బిడ్డ పుట్టినదినము రిజిష్టరులో వ్రాయబడును. ఇప్పుడు క్లబ్బువారు ఆ రిజిష్టరును అడుగరు. ప్రభుత్వపు కాగితములనే అడుగుదురు. అడుగకపోయినను అది మన బీరువాలో నున్నది. ఆదివారపు బడి ఉపాధ్యాయురాలికి బాలుని వయస్సు తెలియును. తెలిసిన మనము ఏమి చేయవలెను? వెంటనే వీధిలో చాటవలసినది కాదు. మత్తయి 18లో ప్రభువు చూపిన క్రమము చొప్పున, మొదట ఒంటరిగా ఆ తండ్రి యింటికి పోయి, ప్రేమతో మాటలాడవలెను. వట్టి చేతులతో పోయి నీతి బోధించుట సులభము. "మీ వానికి బ్యాటు లేనియెడల మేము కొందుము, దారి ఖర్చు మేము చూతుము, శనివారము నేను మైదానమునకు తీసికొని పోవుదును" అని చెప్పగలిగినప్పుడే మన సత్యమునకు చేతులును కాళ్లును వచ్చును. పెద్ద ఉద్యోగములలో నున్నవారును, వారి కార్లు తుడుచువారును ఒకే బల్లయొద్ద రొట్టె విరుచు సంఘములు ఈ ప్రాంతములో గలవు. అట్టి సంఘములో ఒక పేద బాలునికి అబద్ధము తప్ప వేరు మార్గము లేదని చెప్పవలసి వచ్చినయెడల, అది ఆ తండ్రికి మాత్రమే కాదు, మనకందరికిని అవమానము.

లూకా సువార్త ప్రభువైన యేసు వయస్సును మరల మరల చెప్పుచున్నది. ఎనిమిదవ దినమున పేరు పెట్టబడెను. పండ్రెండేండ్లప్పుడు దేవాలయములో కనబడెను. సుమారు ముప్పది యేండ్లప్పుడు తన పని ఆరంభించెను. మధ్యనున్న సంవత్సరములలో ఆయన నజరేతులో మెల్లగా ఎదిగెను. దేవుని కుమారుడే ఒక సంవత్సరమును దాటవేయలేదు, ఒక సంవత్సరమును దాచలేదు. మన కాలగతులు ఆయన చేతిలో నున్నవని కీర్తనకారునితోపాటు నమ్మువారము, బిడ్డకు ఆయన ఇచ్చిన సంవత్సరములను ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయుటకు వెనుదీయనేల?

తల్లులారా, తండ్రులారా, మీ బిడ్డలను ఆటలో చేర్చుడి. వారు పరుగెత్తుదురుగాక, గెలుతురుగాక, ఓడుదురుగాక. ఫారములో పుట్టినదినమను గడియొద్దకు మీ చెయ్యి వచ్చినప్పుడు, ఆ బిడ్డను మొదటిసారి ఎత్తుకొని దేవునికి స్తోత్రము చెల్లించిన దినమును జ్ఞాపకము చేసికొనుడి. ఆ దినమునే వ్రాయుడి. సత్యవంతుడైన ప్రభువు మన పిల్లలను తమ సొంత పేరుతో, తమ సొంత వయస్సుతో, తమ సొంత బలముతో నిలువబెట్టును గాక. ఆమేన్.